సగంలో మారిన రాస్తా

ఆ మాట అబ్బాకి చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. రోజూ ఫోన్ చేసేదాన్ని. "తిన్నావా బేటా? అక్కడ చలి ఎట్లుంది?" అని అడిగేవారు. జవాబు చెప్పి పెట్టేసేదాన్ని.

విషయం ఇది. అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీలో చేరి ఆరు నెలలు దాటింది. దాన్ని వదిలి సైకియాట్రీకి మారాలనుకుంటున్నాను.

ఆ సీటు నా ఒక్కదానిది కాదు. మార్చిలో మ్యాచ్ రిజల్ట్ వచ్చిన రోజు కర్నూలులో మా మొహల్లా అంతా మిఠాయి తిన్నది. "మా బేటీ ఫ్యామిలీ డాక్టర్. బచ్చా నుంచి బుఢ్ఢా దాకా అందర్నీ చూస్తుంది" అని అబ్బా మసీదు ముందు నిలబడి చెప్పారట. అమ్మీ షుక్రానా నఫిల్ చదివింది. పరీక్షల ఫీజులకి అమ్మీ గాజులు అమ్మాం. అన్నీ అయ్యాక "ఇది కాదు, అది" అని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

జనవరిలో ఒక పెద్దామె క్లినిక్‌కి వచ్చింది. హైదరాబాద్ ఆమె. కొడుకు తీసుకొచ్చాడు. గుండె దడ అన్నాడు. ఈసీజీ బాగుంది, షుగర్ బాగుంది, థైరాయిడ్ బాగుంది. ఆమెకి ఇచ్చిన టైం 20 నిమిషాలు. లేచి వెళ్తూ "దిల్ ఘబ్రాతా బేటా" అంది. మన జబాన్ వినగానే నేను మళ్లీ కూర్చున్నాను. "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" అని ఉర్దూలో అడిగాను. అంతే, ఏడవడం మొదలుపెట్టింది. కొడుకూ కోడలూ పొద్దున్నే నౌకరీకి పోతారు. బయట మంచు. సాయంత్రం దాకా మాట్లాడే మనిషి లేదు. బతకాలని లేదని మెల్లగా అంది.

ఆమె దగ్గర నలభై నిమిషాలు ఉన్నాను. బయట ముగ్గురు పేషెంట్లు నా కోసం కూర్చుని ఉన్నారు. పై డాక్టర్ తప్పుగా ఏమీ అనలేదు. ప్రాణానికి అపాయం ఉందేమో నాతో కలిసి మళ్లీ అడిగి చూశారు, మందు మొదలుపెట్టారు, సైకియాట్రిస్టుకి రాశారు. ఆ అపాయింట్‌మెంట్ మూడు నెలల తర్వాత దొరికింది. ఆ మూడు నెలల అవతల కూర్చునే డాక్టర్ నేనే కావాలని ఆ రాత్రి అనిపించింది.

అయినా నా మీద నాకే షక్. పని బరువుకి పారిపోతున్నానా? ఒక సీనియర్ ఆపాతో మష్వరా చేశాను. "మొదటి సంవత్సరం చలికాలంలో అందరికీ పారిపోవాలనే ఉంటుంది. నైట్ డ్యూటీ దిగి ఏ ఫైసలా చేయకు. రెండు నెలలు రాసి పెట్టుకో, ఏ పనిలో నీకు గడియారం గుర్తురాలేదో" అంది. రాశాను. కాన్పులు కావు, మోకాళ్లు కావు. ప్రతిసారీ ఎవరో ఒకరి మనసు విప్పిన మాటే. ఇస్తిఖారా కూడా చదివాను. ఖ్వాబ్ ఏదీ రాలేదు. రావాలని షర్త్ కూడా లేదు. ఆ కాగితమే చాలనిపించింది.

మన పిల్లలు చాలామంది ఈ దారిలో ఉన్నారు కాబట్టి హిసాబ్ కూడా చెప్తాను. ఫ్యామిలీ మెడిసిన్ 3 సంవత్సరాలు, సైకియాట్రీ 4. ఫ్యామిలీ మెడిసిన్‌లో మొదటి సంవత్సరం పూర్తిచేసినవాళ్లు సైకియాట్రీ రెండో సంవత్సరంలో చేరే వీలుంది. అంటే చేసిన సంవత్సరం జాయా కాదు. జే-1 వీసా మీద ఉన్నవాళ్లు బ్రాంచి ఒక్కసారే మారగలరు, అదీ మొదటి రెండేళ్లలోపే. ఇంకో చిక్కు ఉంది. ట్రైనింగ్ కోసం ఆస్పత్రికి మెడికేర్ ఇచ్చే డబ్బు మొదట చేరిన బ్రాంచి ఎన్నేళ్లదో దాన్నిబట్టి లెక్క. నాకు 3. నాలుగో సంవత్సరానికి అందులో ఒక భాగాన్ని సగమే లెక్కిస్తారు. కొన్ని ఇంటర్వ్యూల్లో అందుకే ఈ సవాల్ అడుగుతారు.

వీటన్నిటికన్నా కష్టమైంది మా ప్రోగ్రాం డైరెక్టర్ తలుపు తట్టడం. నేను పోతే నా నైట్ డ్యూటీలు నా దోస్తుల మీద పడతాయి. నాతో ఎంబీబీఎస్ చదివిన అమ్మాయికి ఆ సంవత్సరం మ్యాచ్ కాలేదు. ఆ కుర్సీ ఆమెకి దొరికి ఉంటే ఆమె జిందగీ వేరుగా ఉండేది. సీటు అమానత్. అందుకే చాటుగా వెతుక్కోలేదు. ఎలాగూ కొత్తచోట ఈమె రిపోర్టు లేనిదే తీసుకోరు. ముందే వెళ్లి చెప్పాను, జూన్ ఆఖరి రోజు దాకా ఒక్క డ్యూటీ కూడా ఎగ్గొట్టనని వాదా చేశాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పావు, ఇంకొకరిని వెతుక్కునే టైం ఇచ్చావు" అంది. ఉత్తరం రాసింది.

ఇక అబ్బా. పన్నెండో రోజు చెప్పేశాను. "పాగల్ డాక్టరా?" అన్నారు. ఫోన్ అమ్మీకి ఇచ్చేశారు. రెండు వారాలు నాతో సలాం తప్ప ఇంకో మాట లేదు.

అబ్బాకి ఒక చెల్లెలు ఉండేది, మా ఫుప్పూ. రెండో కాన్పు తర్వాత మాట మానేసింది, బిడ్డని ఎత్తుకోలేదు. సాయా పట్టిందన్నారు. తావీజులు కట్టారు, దర్గాలు తిప్పారు. చివరికి తలాక్. బిడ్డలు అటు, ఫుప్పూ ఇటు. మా ఇంటి వెనక గదిలోనే ఆమె ఇంతకాల్ అయింది. ఇంత దూరం నుంచి ఆ జబ్బుకి పేరు పెట్టడం నాకు న్యాయం కాదు. కానీ కాన్పు తర్వాత వచ్చే అలాంటి జబ్బులకి ఇలాజ్ ఉంది. ఆమెని ఏ డాక్టరూ చూడలేదు. ఇజ్జత్ పోతుందని.

రెండు వారాల తర్వాత అబ్బానే ఫోన్ చేశారు. చలి గురించి అడగలేదు. "బేటా, కాన్పు తర్వాత ఎవరైనా అట్లా అయితే... మందుకి తగ్గుతుందా?" అన్నారు. "చాలామందికి తగ్గుతుంది అబ్బా, తొందరగా చూపిస్తే" అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. "సరే, పో" అన్నారు.

జూలైలో కొత్త ఊరు, కొత్త ప్రోగ్రాం. జీతం దాదాపు అదే, చదువు ఒక సంవత్సరం ఎక్కువ. అమ్మీ గాజులు ఇంకా బాకీ. అబ్బా మొహల్లాలో "మా బేటీ డాక్టర్" అనే అంటారు, ఏ డాక్టరో చెప్పరు. నేనూ జిద్దు చేయలేదు.

కానీ మొన్న అర్ధరాత్రి ఒక కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మా గల్లీలో ఒకాయన. కోడలికి కాన్పు అయి పది రోజులు, నిద్ర లేదు, ఏవేవో వినిపిస్తున్నాయంటుంది. నంబర్ అబ్బా ఇచ్చారట. ఇక్కడి నుంచి మందు చెప్పలేనన్నాను. ఆమెనీ బిడ్డనీ ఒంటరిగా వదలొద్దు, ఇప్పుడే పెద్దాస్పత్రికి తీసుకెళ్లి సైకియాట్రీ డాక్టర్‌కి చూపించండి, తావీజు తర్వాత కట్టుకోవచ్చు అన్నాను.

తీసుకెళ్లారు. అల్హమ్దులిల్లాహ్. ఆమె కోసం దువా చేయండి.