28 రోజులు

మేం ముగ్గురం పాడేరు వైపోళ్లం, విశాఖలో ఒకటే గది. గంజాయి మానేద్దామని కాదు, ఒక్క దమ్ముకి ఎక్కేది ఇప్పుడు మూడు సిగరెట్లకీ ఎక్కట్లేదని ఆపాం. రోజూ తాగితే మెదడు మొద్దుబారుతుంది, మళ్లీ మామూలవడానికి 4 వారాల దాకా పడుతుందట. మొదటి వారం నరకమే. నిద్ర లేదు, రాత్రంతా చెమట, అన్నం సయించదు, చిన్న మాటకే గొడవ. తర్వాత కలలు, అబ్బో, సినిమాల్లాగే!

మధ్యలో ఊరెళ్లాం. ఘాట్ దిగి వస్తుంటే చెక్‌పోస్టులో మా బ్యాగులే విప్పారు. ఏజెన్సీ మొహాలు కదా, ఎప్పుడూ అంతే. ఈసారి మా దగ్గర ఏమీ లేదు, అయినా చేతులు వణికాయి.

నిన్నటికి 28 రోజులు నిండాయి. పొట్లం అటక మీదే ఉంది. ఆ మాట ముగ్గురిలో ఎవరమూ ఎత్తట్లేదు.