నేలమాళిగలో వెండితెర

2023 వేసవి సెలవులలో నేను షికాగో నగరానికి పశ్చిమాన ఉన్న ఒక చిన్న ఊరిలో, మా తమ్ముని ఇంట ఆరు వారాలు గడిపాను. ప్రాచీన కావ్యాలపై పరిశోధన చేసిన తెలుగు అధ్యాపకుడు ఆ దేశంలో ఏమి చేసి ఉంటాడని మీరు ఊహిస్తారో గాని, నేను మాత్రం ఎక్కువ కాలం నేలమాళిగలో నిచ్చెన పట్టుకొని నిలబడ్డాను.

ఆ ప్రాంతపు ఇళ్ళకు నేలమాళిగ ఉండటం విలాసం కాదు. శీతకాలంలో అక్కడి నేల సుమారు మూడున్నర అడుగుల లోతు వరకు గడ్డకట్టగలదు. గడ్డకట్టిన మన్ను ఉబ్బి పునాదిని కదలించకుండా ఉండాలంటే పునాదిని అంతకంటె లోతుకు దింపాలి. అంత తవ్విన తరువాత ఇంకొంత తవ్వి ఆ చోటును ఒక అంతస్తుగా వాడుకోవడం అక్కడివారి ఆనవాయితీ. దానిని బేస్‌మెంటు అంటారు. మా వాళ్ళ ఇంట్లో అది చాలాకాలంగా పాత అట్టపెట్టెలకూ, ఊట నీటిని బయటికి తోడే పంపుకూ నిలయంగా ఉండేది. అందులో ఒక భాగాన్ని తమ్ముడు చిన్న సినిమాశాలగా మార్చదలచాడు. పొడవు 20 అడుగులు, వెడల్పు 14, ఎత్తు 8.

ఎందుకని నేను అడుగలేదు. మా నాన్నగారు సినిమా ఆపరేటరు. మొదట టూరింగ్ టాకీసులోనూ, తరువాత తాలూకా కేంద్రంలోని పక్కా హాలులోనూ పనిచేశారు. రెండు కార్బన్ కడ్డీల నడుమ రగిలే జ్వాలయే ఆనాటి దీపం. కడ్డీలు కాలి కురచనవుతున్న కొద్దీ వాటి మధ్య ఎడాన్ని సరిచేస్తూ ఉండాలి. రెండువేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలలో అయిపోతుంది. తెర మూలలో చిన్న చుక్క మెరిసిన వెంటనే రెండవ యంత్రాన్ని నడిపించాలి. ఇంతటి కాపలా నడుమ ఆయన ఏ సినిమానూ కుర్చీలో కూర్చొని చూసింది లేదు. "ఒక్కసారి నాన్నగారిని తీసుకువచ్చి మధ్య కుర్చీలో కూర్చోబెట్టాలి, అన్నయ్యా" అని తమ్ముడు ఏళ్ళ తరబడి అంటున్నాడు. నేను విమానం ఎక్కడానికి వారం ముందు హృద్రోగ వైద్యుడు నాన్నగారికి దూరప్రయాణం ఇక తగదని చెప్పాడు. ఆ మాట నాతోపాటు సముద్రాలు దాటి వచ్చింది గాని, నా నోటి నుండి బయటికి రాలేదు.

తమ్ముడు ముందుగా ప్రొజెక్టరు కొనబోయాడు. నేను అడ్డుపడ్డాను. యంత్రాల సంగతి నాకేమీ తెలియదు. అయితే పద్యానికి అన్వయం చెప్పేవాడు ముందుగా క్రియాపదాన్ని వెదకుతాడు. అది దొరికితే తక్కిన పదాలు వాటంతట అవే తమ చోట్లకు చేరుతాయి. ఈ గదికి క్రియ ఏది? కూర్చొని చూసేవాని కన్ను. కుర్చీని వెనుక గోడకు ఆనించకుండా తెరకు 12 అడుగుల దూరంలో వేశాము. ఆ దూరానికి 120 అంగుళాల తెర తగినదని తోచింది. తెర కొలతను మూల నుండి మూలకు చెబుతారు. దాని వెడల్పు సుమారు 105 అంగుళాలు, ఎత్తు 59. ఇక ప్రొజెక్టరు ఎంత దూరంలో ఉండాలన్నది దాని కటకాన్ని బట్టి ఉంటుంది. దూరాన్ని తెర వెడల్పుతో భాగించగా వచ్చే నిష్పత్తిని దాని పత్రంలో ముద్రిస్తారు. అది ఒకటిన్నర అయితే 157 అంగుళాలు, అనగా 13 అడుగులు. అంటే యంత్రం సరిగ్గా మా తలల మీదికి వస్తుంది. చప్పుడు వినబడకుండా దానిని ఒక చెక్కపెట్టెలో మూసివేయాలని తమ్ముడు నిశ్చయించాడు.

వెలుగు విషయంలో వానికి ఆశ ఎక్కువ. నాలుగువేల ల్యూమెన్ల యంత్రాన్ని చూసి ముచ్చటపడ్డాడు. లెక్క వేస్తే సంగతి వేరుగా తేలింది. చీకటి హాలులో తెల్లని తెరకు చదరపు అడుగుకు 16 ల్యూమెన్లు చాలునని సినిమారంగంలో ఒక ప్రమాణం ఉన్నది. మా తెర 43 చదరపు అడుగులు. 700 ల్యూమెన్లు కూడా పట్టవు. దీపం వయసుతో మసకబారుతుంది, రంగులు సహజంగా కనిపించే అమరికలో వెలుగు ఇంకా తగ్గుతుంది. ఆ తరుగు కలుపుకొన్నా రెండువేలు పుష్కలం. మిగిలిన ధనాన్ని గోడల ముదురు రంగుకు వెచ్చించడం మేలు. తెర మీది వెలుగు లేతరంగు గోడలను తాకి మళ్ళీ తెర మీదకే వస్తే నల్లనివన్నీ బూడిదరంగుకు తిరుగుతాయి. మరదలు కోరిన మీగడరంగు ఆ విధంగా వీగిపోయింది. ఆమె నన్ను ఇంకా పూర్తిగా క్షమించలేదు.

దుకాణంలో ఒక వింత జరిగింది. అక్కడ చూపిన మొదటి యంత్రం సూక్ష్మదర్పణాలతో పనిచేసేది. అమెరికాలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థకు చెందిన లారీ హార్న్‌బెక్ 1987లో రూపొందించిన చిప్పు దానికి ఆధారం. ఇళ్ళలో వాడే ఇటువంటి యంత్రాలలో సాధారణంగా ఒకే చిప్పు ఉంటుంది. అది ఎరుపును, ఆకుపచ్చను, నీలాన్ని ఒకదాని తరువాత ఒకటిగా అతివేగంగా చూపుతుంది. వాటిని కలిపి ఒక బొమ్మగా చేసేది మన మెదడు. తమ్మునికి బొమ్మ అద్భుతంగా ఉన్నది. నాకు మాత్రం చూపు పక్కకు తిప్పినప్పుడల్లా తెల్లని అక్షరాల అంచున ఇంద్రధనుస్సు తునకలు తటాలున మెరిసి మాయమవుతున్నాయి. "నాకేమీ కనబడటం లేదే!" అన్నాడు తమ్ముడు. నాకు వయసు మీద పడిందని అనుమానించాడు కూడా. కొందరి కన్నులు ఆ విడివిడి రంగులను పట్టగలవనీ, అది కంటి దోషం కాదనీ దుకాణదారు చెప్పాడు. మూడు రంగులనూ ఒకేసారి తెరపై వేసే మూడు ఎల్‌సీడీ పలకల యంత్రం పెట్టించగానే ఆ తునకలు మాయమయ్యాయి. "నీ కన్నే నాన్నగారిదీ అయితే?" అని తమ్ముడు దానినే కొన్నాడు. ఆ క్షణంలోనైనా నేను చెప్పవలసింది.

ఇక తీగలు. మన ఊళ్ళలో ఇటుక గోడను తొలిచి గొట్టం పెడతారు. అక్కడ గోడ అంటే కర్ర చట్రం. దానికి సున్నపు పలకలు బిగిస్తారు. బిగించే లోపల అన్నీ పూర్తి కావాలి. షికాగో పరిసరాలలో చాలాచోట్ల కరెంటు తీగను లోహపు గొట్టంలోనే నడపాలన్న నియమం ఉన్నది. ఆ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేశాడు. ప్రొజెక్టరు కరెంటు వైరును గోడలో దాచరాదు కనుక పైకప్పులోనే దానికొక ప్లగ్గు పెట్టాడు. స్పీకర్ల తీగలు మా వంతు. వాటిని కరెంటు గొట్టానికి అడుగు దూరంలో నడిపి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించాము. బొమ్మను మోసే హెచ్‌డీఎంఐ తీగ మాత్రం మమ్మల్ని ఏడిపించింది. మా దారి 35 అడుగులు. రాగితీగ అయితే నాణ్యమైన బొమ్మను అంత దూరం నమ్మకంగా మోయలేదు. కాంతితంతువుతో చేసినది కావాలి. అది ఒక వైపుకే పనిచేస్తుందని, ఏ కొన ఎటు ఉండాలో దాని మీదనే రాసి ఉంటుందని మాకు తెలిసింది, ఒక పూటంతా శ్రమించి తిరగేసి లాగిన తరువాత.

ఆ సాయంకాలం అలసిపోయి మెట్ల మీద కూర్చున్నాము. పదమూడు మెట్లు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. "దీనికి కమ్మీ పెట్టించాలి, నాన్నగారికి" అన్నాడు వాడు. నేను చెప్పేశాను. తమ్ముడు చాలాసేపు చేతిలోని తీగ ముక్కను చుడుతూ ఉండిపోయాడు. "వైద్యుడు చెప్పిన రోజే నాన్నగారు నాకు ఫోను చేశారన్నయ్యా. నీతో అనవద్దన్నారు" అన్నాడు.

రాత్రి తొమ్మిదికి, అక్కడ ఉదయం ఏడున్నర వేళకు, నాన్నగారికి వీడియోలో గదంతా చూపించాము. ఆయన చెక్కపెట్టె దగ్గర ఆపమన్నారు.

"దీనికి పొగగొట్టం ఏదిరా?"

"ఇందులో పొగ రాదు నాన్నగారూ, ఉట్టి దీపమే."

"దీపం వేడెక్కదా? వేడి ఎటు పోతుంది?"

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాము. యంత్రంలో పంకా ఉన్నది. అది విసిరిన వేడిగాలి తిరిగి ఆ మూసిన పెట్టెలోనే చేరుతుంది. ఆ ఆలోచన మాకు రాలేదు.

"రెండో మిషను ఏది?"

"ఒకటే చాలు నాన్నగారూ. చెడితే కొత్తది కొంటాము."

"కొత్తదానికి ఈ వైరే సరిపోతుందా? గోడ మూసేశాక ఎలా మారుస్తారు?"

హెచ్‌డీఎంఐ ప్రమాణం మొదట 2002లో వచ్చింది. 2013లో 2.0గా, 2017లో 2.1గా మారింది. ఇంజనీరయిన నా తమ్ముడు ఆ తేదీలన్నీ ఎరిగినవాడే. వాడు సమాధానం చెప్పలేదు.

మరునాడు పెట్టెకు వెనుక ఒక గాలిదారి, ముందు ఒక గాలిదారి కోశాము. బిగించిన తీగకు పక్కగా, యంత్రాల అల్మరా నుండి పైకప్పు దాకా రెండు అంగుళాల ఖాళీ పైపును నడిపాము, తీగ కొననున్న దిమ్మె కూడా దూరేటంత వెడల్పుగా, వంపులు మెల్లగా తిరిగేటట్లుగా. రేపు ఏ తీగ వస్తుందో దానిని లాగడానికి లోపల ఒక నైలాను తాడు వేసి, రెండు కొనలనూ నేనే ముడివేశాను. ఊరి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం చేశాడు. పలకలు బిగించక మునుపు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫొటోలు తీసుకున్నాము. ఆ ఫొటోలన్నీ తనకూ పంపమని నాన్నగారు అడిగారు.

మెట్లకు కమ్మీ కూడా పెట్టించానని తమ్ముడు మొన్న ఫోనులో చెప్పాడు.