పొరుగు దేశపు నది, ద్వారకలో దీపం

హిమాలయాల చాటున పారే నదికీ, ఢిల్లీ శివారులో తొమ్మిదో అంతస్తుకు ఎక్కే లిఫ్టుకూ చుట్టరికం ఉన్నది. ఆ చుట్టరికం వలన మేలు ఎంత, ప్రమాదం ఎంత?

2012 జూలై 30. తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలు. ఢిల్లీ మహానగరానికి నైరుతి కొసన ఉన్న ద్వారక గాఢనిద్రలో ఉన్నది. ఆ ఏడు ఉత్తరాదిన వానలు ముఖం చాటేశాయి. ఉక్కపోతకు తాళలేక ఇంటింటా పంకాలు, కూలర్లు, ఏసీలు విరామం లేకుండా తిరుగుతున్నాయి. ఒక్క క్షణంలో అన్నీ ఆగిపోయాయి.

మామూలుగా కరెంటు పోతే ఒక వీధికి పోతుంది, లేదా ఒక పేటకు పోతుంది. ఎదుటి వీధిలో వెలుగు చూసి జనం అసూయపడతారు, విద్యుత్ కార్యాలయాన్ని తిట్టుకుంటారు. ఆ రాత్రి అసూయపడడానికి ఎదుట ఎక్కడా వెలుగు లేదు. ఢిల్లీతో పాటు పంజాబు, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, కాశ్మీరు అన్నీ ఒకేసారి చీకటిలో మునిగిపోయాయి.

పగటికి సరఫరా మెల్లగా కోలుకున్నది. గండం గడిచిందనుకుంటున్నంతలో మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మరొక దెబ్బ తగిలింది. ఈసారి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలాయి. మెట్రో రైళ్ళు నిలిచిపోయాయి. స్టేషన్ల నడుమ చిక్కుకున్న ప్రయాణికులను సిబ్బంది దింపి బయటకు నడిపించవలసి వచ్చింది. సుమారు 60 కోట్ల మంది నివసించే ప్రాంతానికి విద్యుత్తు పోయింది. బాధపడిన జనసంఖ్యను బట్టి చూస్తే అంత పెద్ద విద్యుత్ విపత్తును ప్రపంచం అంతకుముందు ఎరుగదు.

పురాణాలలోని ద్వారకను సముద్రం ముంచెత్తిందంటారు. ఈ ద్వారకకు సముద్రం లేదు. కొన్ని దశాబ్దాల క్రితం వరకు ఇది పప్పన్‌కలాన్ అనే పేరుతో పొలాలు, పల్లెలు ఉన్న ప్రాంతం. ఢిల్లీ అభివృద్ధి సంస్థ దీనిని సెక్టార్లుగా విభజించి ఉపనగరంగా తీర్చింది. ఉద్యోగులు సహకార సంఘాలు పెట్టుకొని కట్టుకున్న బహుళ అంతస్తుల ఇళ్ళు బారులు తీరాయి. 2005 డిసెంబరు 31న మెట్రో రైలు ఇక్కడికి వచ్చింది. పాత పేరు జనం నోట అరుదైపోయింది గాని ఒకచోట భద్రంగా మిగిలింది. ఈ ప్రాంతపు 220 కిలోవోల్టుల సబ్ స్టేషన్లను విద్యుత్ శాఖ కాగితాలలో నేటికీ పప్పన్‌కలాన్ అనే రాస్తారు.

మెట్రో పెట్టెలో కూర్చున్న ప్రయాణికునికి ద్వారక అంచున ఆకాశాన్ని గీతలు గీసినట్టు సాగే తీగలు, వాటిని మోసే ఉక్కు స్తంభాలు కనిపిస్తాయి. దగ్గరలోని బమ్నౌలీ గ్రామం వద్ద 400 కిలోవోల్టుల సబ్ స్టేషన్, ఇంకొంచెం అవతల ఝటిక్రా వద్ద 765 కిలోవోల్టుల సబ్ స్టేషన్ ఉన్నాయి. ఢిల్లీ తనకు కావలసిన విద్యుత్తులో చాలా భాగాన్ని బయటి నుండి తెచ్చుకొనే నగరం. నగరంలోని పాత బొగ్గు కేంద్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బదర్‌పూర్ కేంద్రం 2018 అక్టోబరులో ఆగిపోయింది. కనుక ద్వారకలో వెలిగే దీపానికి నూనె పోసే చేయి ఎక్కడో దూరాన ఉన్నది. ఆ చేతులలో ఒకటి భూటాన్‌లో ఉన్నది.

థింఫూ నగరం పక్కగా పారే వాంగ్‌ఛూ నది దక్షిణానికి దిగుతూ రెండుచోట్ల మన కోసం శ్రమిస్తుంది. మొదటిది చుఖా. భారతదేశపు సహాయంతో నిర్మించిన ఈ 336 మెగావాట్ల కేంద్రం 1986–88 సంవత్సరాలలో పనిలోకి వచ్చింది. రెండవది తాలా. నదీజలాన్ని సుమారు 23 కిలోమీటర్ల సొరంగం గుండా మళ్ళించి, 800 మీటర్లకు పైగా ఎత్తు నుండి దూకించి, 170 మెగావాట్ల యంత్రాలు ఆరింటిని తిప్పుతారు. అది 2006–07లో పూర్తయింది. ద్వారకకు విద్యుత్తు పంచే సంస్థ కొనుగోలు ఒప్పందాలలో తాలా పేరు కూడా ఉన్నది.

తాలా విద్యుత్తును ఢిల్లీ దాకా తేవడానికి వేసిన దారి సిలిగురి వద్ద మొదలై, పూర్ణియా, ముజఫర్‌పూర్, గోరఖ్‌పూర్, లక్నోల మీదుగా ఢిల్లీ పొలిమేరలోని మండోలా చేరుతుంది. పొడవు వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. ఈ దారి మరొక ఘనకార్యం చేసింది. అంతవరకు ఉత్తర గ్రిడ్ ఒక లయలో, తూర్పు, పశ్చిమ, ఈశాన్య గ్రిడ్లు కలిసి మరొక లయలో నడిచేవి. 2006 ఆగస్టులో ముజఫర్‌పూర్–గోరఖ్‌పూర్ లైను మీదుగా ఆ రెండూ ఒకటయ్యాయి. పొరుగు రాజ్యపు నీటికోసం వేసిన తీగ మన ఇంట్లోని గదుల మధ్య తలుపును కూడా తెరిచింది.

లయ అన్న మాటను కొంచెం విప్పి చెప్పాలి. మన ఇళ్ళకు వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఇదే దాని పౌనఃపున్యం. ఒక గ్రిడ్‌లోని యంత్రాలన్నీ, అవి భూటాన్ కొండల్లో ఉన్నా, సింగరౌలి బొగ్గు గనుల పక్కన ఉన్నా, ఒకే కాడి కింద నడిచే ఎడ్ల వలె అడుగు కలిపి తిరగాలి. ఒక ఎద్దు అలసితే మిగిలినవి బరువు పంచుకుంటాయి. కలిసి ఉండడంలోని లాభం అదే. కాని ఒక ఎద్దు పడిపోతే కాడి మిగిలినవాటిని కూడా కిందికి లాగవచ్చు.

2012లో జరిగింది అదే. మధ్యప్రదేశ్‌లోని బీనా నుండి గ్వాలియర్ వచ్చే 400 కిలోవోల్టుల లైను ఆ రాత్రి మోయలేని భారం మోస్తున్నది. పక్కనున్న మరొక లైనును స్థాయి పెంచే పని కోసం ముందే ఆపి ఉంచారు. ఉత్తరాది రాష్ట్రాలు తమ వాటాను మించి లాగుతున్నాయి. కాపలా కాసే రిలే ఆ భారాన్ని చూసి లోపమనుకొని లైనును తెంచింది. దాని బరువు పక్క లైన్ల మీద పడింది. అవీ వరుసగా తెగాయి.

అయితే చచ్చిన విద్యుత్ కేంద్రాన్ని లేపడానికి కూడా విద్యుత్తే కావాలి. పంపులు, పంకాలు తిరిగితే గాని బొగ్గు కొలిమి రాజుకోదు. జూలై 30న ఉత్తరాదికి ఆ తొలి ఊపిరి తూర్పు, పశ్చిమ గ్రిడ్ల నుండి వచ్చింది. ముడిపడి ఉన్నందువలన పడిపోయినవాడు, ముడిపడి ఉన్నందువలననే లేచాడు.

ఆ రెండు రోజులూ దక్షిణాది చెక్కుచెదరలేదు. కారణం తెలుగువారి ముంగిట్లోనే ఉన్నది. విశాఖపట్నం పక్కన గాజువాకలోను, రామగుండం లైను చేరే చంద్రపూర్ ప్రాంతంలోను 1990ల చివరి నుండి ఒక విచిత్రమైన ఏర్పాటు పనిచేస్తున్నది. అక్కడికి వచ్చిన ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి, వెంటనే తిరిగి ఏకాంతరంగా మార్చి అవతలికి పంపుతారు. ఇది కాడి కాదు, రెండు చెరువుల నడుమ తూము. ఎంత నీరు వదలాలో అంతే వదలవచ్చు; ఒక చెరువు గట్టు తెగినా రెండవది ఖాళీ కాదు. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది కూడా కాడి కిందికి వచ్చింది. నాటి నుండి దేశమంతా ఒకే లయ.

పొరుగు దేశాలతో ముడి వేసేటప్పుడు కూడా ఈ రెండు పద్ధతులే. భూటాన్, నేపాల్ మనతో ఒకే కాడికి కట్టుకున్నాయి. బంగ్లాదేశ్‌తో తూము. పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్ నుండి భేడామారాకు 2013 అక్టోబరులో 500 మెగావాట్లతో అది మొదలై, 2018లో రెట్టింపయింది. తూము ఉన్నంతమాత్రాన నిశ్చింత లేదని బంగ్లాదేశ్ త్వరలోనే తెలుసుకున్నది. 2014 నవంబరు 1న భేడామారా కేంద్రం హఠాత్తుగా ఆగింది. సుమారు 440 మెగావాట్లు ఒక్క క్షణంలో మాయమయ్యాయి. భారత గ్రిడ్‌కు అది లెక్కలోనిది కాదు. అవతలి చిన్న గ్రిడ్‌కు అది వెన్ను విరిచే లోటు. దేశమంతా గంటల తరబడి చీకటిలో ఉన్నది. పొరుగువాని మీద ఎంత ఆనుకోవాలన్నది తన కాళ్ళ బలాన్ని బట్టి నిర్ణయించుకోవలసిన విషయం.

ఇంత ప్రమాదం ఉండగా దేశాలు ఎందుకు ముడి వేసుకుంటాయి? జవాబు ఋతువులలో ఉన్నది. ఢిల్లీ అత్యధికంగా విద్యుత్తు కోరేది మండుటెండలలో. 2024 జూన్ 19న నగరపు గిరాకీ 8,656 మెగావాట్లకు చేరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మంచు కరిగి, వాన తోడై హిమాలయ నదులు నిండుగా పారుతాయి. చలికాలంలో కథ తిరగబడుతుంది. నదులు సన్నగిల్లుతాయి, థింఫూలో, ఖాట్మండులో గదులు వెచ్చబెట్టుకోవలసి వస్తుంది. అప్పుడు విద్యుత్తు మన వైపు నుండి కొండలెక్కుతుంది. వేసవిలో మనకు వెలుగిచ్చిన భూటాన్ చలికాలంలో మన దగ్గర కొంటుంది.

నేపాల్ అనుభవం ఇంకా స్పష్టమైనది. 2008–09 చలికాలంలో అక్కడ రోజుకు 16 గంటల దాకా కోత ఉండేది. 2016లో ముజఫర్‌పూర్ నుండి ఢల్కేబర్‌కు లైను పనిలోకి వచ్చింది. తాలా విద్యుత్తు ఢిల్లీకి పోయే దారిలోని ముజఫర్‌పూరే ఇది. ఆ ఏడాదే ఖాట్మండుకు కోతల బాధ తప్పింది. 2021 నవంబరులో నేపాల్ మన విద్యుత్ బజారులో అమ్మకందారుగా అడుగుపెట్టింది. 2024 నవంబరు 15న నేపాల్ విద్యుత్తు 40 మెగావాట్లు మన తీగల మీదుగా బంగ్లాదేశ్‌కు చేరింది. సరిహద్దు కలియని రెండు దేశాలకు మూడవ దేశం వంతెన అయింది.

చిక్కులు లేకపోలేదు. చైనా పెట్టుబడి ఉన్న కేంద్రాల విద్యుత్తును భారతదేశం కొనదు. ఈ నియమం నేపాల్‌కు రుచించదు. 2024 సెప్టెంబరు చివరి వరదలు నేపాల్ జలవిద్యుత్ కేంద్రాలను దెబ్బతీశాయి. నది ఇచ్చే చేయే కాదు, కొట్టే చేయి కూడా. అయినా ప్రపంచం ముడులు విప్పుకోవడం కంటే వేసుకోవడానికే మొగ్గుతున్నది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు పట్టపగలు చీకటి పాలైనప్పుడు ఫ్రాన్సు, మొరాకో నుండి వచ్చిన విద్యుత్తు అక్కడి కేంద్రాలను లేపడానికి తోడ్పడింది.

2012 నేర్పిన పాఠం తీగలు తెంచుకొమ్మని కాదు. కాడి కట్టిన తరువాత ఎవరి వాటా వారు మీరకూడదని. ఢిల్లీలోని జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రంలో ఇంజనీర్లు రేయింబవళ్ళు ఒక అంకెను గమనిస్తుంటారు. ఆ అంకె 49.90కీ 50.05కీ నడుమ నిలవాలి. అది కిందికి జారితే ఎక్కడో ఎవరో ఇచ్చిన దానికంటే ఎక్కువ తీసుకుంటున్నారని అర్థం.

ద్వారకలో సాయంకాలం అవుతుంది. మెట్రో దిగినవారు కూరగాయల సంచులతో ఇళ్ళకు చేరి లిఫ్టు మీట నొక్కుతారు. ద్వారం తెరుచుకుంటుంది. ఎవరూ ఆశ్చర్యపడరు. వారికి తెలియకుండానే, జూన్ నెలలో ఆ లిఫ్టును పైకి లాగే బలంలో వాంగ్‌ఛూ నీటి పాలు కొంత ఉంటుంది. జనవరిలో ఇదే గ్రిడ్ నుండి విద్యుత్తు ఆ నదీతీరానికి తిరుగు ప్రయాణం కడుతుంది.