చలి పరుగుకు చవక తొడుగు

ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా పెద్దాపురంలో తెల్లవారుజామున మంచు బాగానే పడుతుంది. వేడి 17, 18 డిగ్రీలకు దిగుతుంది. ఉత్తరాది వాళ్ళకు అది లెక్కలోకి రాదు గానీ, మే నెలలో 40 డిగ్రీల ఎండ కాచిన ఒళ్ళు మనది. ఆ చలిలోనే, ఇంకా చీకటి విడకముందే, కుర్రాళ్ళు మైదానంలో పరుగులు తీస్తుంటారు. కొందరు పాండవుల మెట్ట ఎక్కి దిగుతుంటారు. వాళ్ళది సరదా పరుగు కాదు. కానిస్టేబుల్ ఉద్యోగం కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. అగ్నివీర్ పరీక్షలో పరుగుకు పూర్తి మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో అయిపోవాలి. ఆ నిమిషాల కోసం నెలల తరబడి పొద్దున్నే లేచే పిల్లలంటే నాకు చాలా గౌరవం.

వాళ్ళ తలకు మంకీ క్యాప్ ఉంటుంది, కాళ్ళకు బూట్లుంటాయి. చేతులకు మాత్రం ఏమీ ఉండదు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి బండి మీద వచ్చిన కుర్రాడు దిగగానే బూటు లేసు కట్టుకోబోతే ముడి పడదు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరకొస్తాయి గానీ పట్టు చిక్కదు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కాసేపు గెంతి, మళ్ళీ వంగి ప్రయత్నిస్తాడు.

పెద్దాపురంలో పరుగుకు గ్లౌజులు కావాలా అని అడిగితే, మొదటి పావుగంటకూ, బండి ప్రయాణానికీ కావాలంటాను. ఆ తరవాత అక్కర్లేదు. కానీ ఈ ఊరి పిల్లలు ఈ ఊళ్ళోనే ఉండిపోవడం లేదు కదా. సైన్యంలో చేరి కొందరు, చదువుకని కొందరు మంచు కురిసే చోట్లకు వెళుతున్నారు. మా అక్క కూతురు మిషిగన్‌లో చదువుతోంది. ఇక్కడున్నప్పుడు రోజూ పరిగెత్తేది. అక్కడ నవంబరు రాగానే ఫోన్ చేసింది. "మావయ్యా, పరుగు మానేద్దామనుకుంటున్నానండి. కాళ్ళు బాగానే ఉంటున్నాయి, చేతులే ఓర్చుకోలేకపోతున్నాను. గ్లౌజులు చూస్తే నలభై డాలర్లు" అంది. నలభై డాలర్లంటే ఆ పిల్లకు వారం రోజుల కూరగాయలు. "పరుగు మానకమ్మా, అంత డబ్బూ పెట్టక్కర్లేదు" అన్నాను. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చేతులకే ఎందుకు చలి అన్నది తెలియాలి. దాళ్వాకు గోదావరిలో నీళ్ళు చాలకపోతే కాలువలకు వంతులవారీ పెడతారు, ముందుగా ఎండేవి శివారు భూములు. మన ఒంట్లో వేళ్ళూ శివారు భూములే. చలి తగలగానే గుండె, ఊపిరితిత్తులు, మెదడు వెచ్చగా ఉండాలని ఒళ్ళు వేళ్ళలోని సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. పరుగు మొదట్లో ఉన్న రక్తం కాళ్ళ కండరాలకు మళ్ళుతుంది. వేళ్ళకు సొంతంగా వేడి పుట్టించేంత కండ లేదు. పైగా పరిగెత్తేవాడికి గాలి లేని రోజు కూడా ఎదురుగాలే. పావుగంట గడిచి ఒళ్ళు వేడెక్కాక నాళాలు మళ్ళీ తెరుచుకుంటాయి, వేళ్ళు వెచ్చబడతాయి, అరచేతులకు చెమట కూడా పడుతుంది.

దీన్నిబట్టి కొనాల్సిందేమిటో తేలుతుంది. మొదటి పావుగంట గాలిని ఆపాలి, ఆ తరవాత చెమటను బయటికి పోనివ్వాలి, అక్కర్లేనప్పుడు తీసి నడుం దగ్గర దోపుకునేంత పల్చగా ఉండాలి. ఈ మూడు గుణాలూ ధరను చూసి రావు. దళసరిగా, మెత్తగా, దూది కూరినట్టుండే గ్లౌజు దుకాణంలో చేతికి హాయిగానే ఉంటుంది. పరుగులో పావుగంటకే లోపల తడిసి ముద్దవుతుంది. గాలి కన్నా నీరు వేడిని 20 రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది. చెమటకు తడిసిన తొడుగు ఒట్టి చేతికన్నా ఎక్కువ బాధపెట్టడానికి కారణం అదే. అందుకే నూలు గ్లౌజులు వద్దంటాను. ఎండాకాలంలో నూలును మించింది లేదు, కానీ అది చెమటను పీల్చుకుని పట్టుకునే కూర్చుంటుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. పాలియెస్టర్, యాక్రిలిక్ తడిని పెద్దగా పీల్చవు, త్వరగా ఆరతాయి.

పట్టు సంగతి పెద్దాపురం వాళ్ళకు ఒకరు చెప్పాలా? చేనేత పట్టుకు పేరున్న ఊరు ఇది. పట్టు పల్చన, వెచ్చన, ఒంటికి ఒరుసుకోదు. చలిదేశాల్లో పర్వతారోహకులు పెద్ద తొడుగుల లోపల పల్చటి పట్టు గ్లౌజులు వేసుకోవడం పాత అలవాటే.

చలికాలం రాగానే కాకినాడలో, రాజమండ్రిలో రోడ్డు పక్కన స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి. ఉలెన్ అని అక్కడ అమ్మే చవక గ్లౌజుల్లో చాలావరకు యాక్రిలిక్కే. అదేమీ తప్పు కాదు, మన పరుగుకు అది చాలు. కానీ ఉన్ని ధర పెట్టి యాక్రిలిక్ కొనకూడదు. నేతపని తెలిసినవాళ్ళు దీన్ని చిటికెలో తేలుస్తారు. ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తే, ఉన్నీ పట్టూ వెంట్రుకలు కాలిన వాసన వేస్తాయి, మిగిలిన నుసి వేళ్ళమధ్య పొడైపోతుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. నూలు కాగితం కాలిన వాసన వేస్తుంది.

రెండో పరీక్షకు నిప్పు కూడా అక్కర్లేదు. గ్లౌజును నోటికి ఆనించి ఊది, రెండో చేతిని అవతల పెట్టి చూడాలి. గాలి ధారాళంగా తగిలితే అల్లిక వదులుగా ఉందన్నమాట, బండి మీద అది పనికిరాదు. తరవాత మణికట్టు చూడాలి. తొడుగు చొక్కా చేతి అంచుకు పైదాకా రాకపోతే సరిగ్గా నాడి కొట్టే చోటే చలి తగులుతుంది. చివరగా పిడికిలి బిగించాలి. వేళ్ళ కొసలు బిగుసుకుంటే రక్తం ఆడదు, వెచ్చదనం ఉండదు. కాస్త వదులే మేలు.

మిషిగన్ పిల్లకు లెక్క ఇలా చెప్పాను. 10 డిగ్రీలకు పైన ఉంటే మొదట్లో పల్చటి జత చాలు, వేడెక్కాక ఏమీ అక్కర్లేదు. 10 నుంచి సున్నా దాకా డాలరుకో రెండు డాలర్లకో దొరికే సాగే అల్లిక గ్లౌజులు చాలు. సున్నాకు దిగువన ఆ పల్చటి జత మీద ఇంకో పొర వెయ్యాలి. ఆ పై పొరకు పాత ఉన్ని మేజోళ్ళు తొడిగినా చాలు, ఎందరో పరుగువాళ్ళు చేసే పనే అది. మైనస్ 10 దాటితే వేళ్ళు విడివిడిగా ఉండే గ్లౌజు సరిపోదు. నాలుగు వేళ్ళూ ఒకే గదిలో, బొటనవేలు ఒక్కటే విడిగా ఉండే మిటెన్ కావాలి. వేళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి అందుతుంది. గాలితో కలిపి లెక్కేసిన చలి మైనస్ 28కి దిగితే బయటపెట్టిన చర్మం అరగంటలోపే గడ్డకట్టవచ్చు. ఆ రోజు ఇంట్లోనే కసరత్తు చేసుకోవాలి.

గాలిని ఆపే పై పొరను మన దగ్గర ఏ దర్జీ అయినా కుట్టి ఇస్తాడు. చిరిగిన గొడుగు గుడ్డ గానీ పాత రెయిన్‌కోటు గానీ తీసుకుని, అరచెయ్యి కాగితం మీద పెట్టి బొటనవేలు విడిగా గీసి, చుట్టూ అంగుళం వదిలి కత్తిరించి, మణికట్టు దగ్గర ఎలాస్టిక్ వేస్తే చాలు. లోపల చవక అల్లిక గ్లౌజు, పైన ఈ సంచి. వేడెక్కాక పై సంచి తీసి జేబులో పెట్టుకోవచ్చు. మా అక్క కూతురికి ఒక జత కుట్టించి పంపాను. పట్టు ముక్కలతో లోపలి జత కూడా కుట్టించాలని ఉంది.

గ్లౌజులు వేసుకోవడం నామోషీ అనుకునే కుర్రాళ్ళకు ఒక మాట. కెన్యా, ఇథియోపియా మారథాన్ వీరులను చూడండి. చేతుల్లేని బనియను, చిన్న నిక్కరు, చేతులకు మాత్రం గ్లౌజులు. చలి పొద్దుల్లో ప్రపంచంలో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాళ్ళు కాపాడుకునేది ముందుగా చేతులనే. 2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ జోరువానలో, ఎదురుగాలిలో, గడ్డకట్టే చలికి కాస్త పైన జరిగింది. పేరుమోసిన ఎందరో మధ్యలోనే ఆగిపోయారు. మగవాళ్ళలో గెలిచింది యూకీ కవౌచీ. అప్పటికి ఆయన జపాన్‌లోని సైతామాలో ప్రభుత్వ పాఠశాలలో గుమస్తా. రోజంతా ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన వేళల్లో సాధన చేసి 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో పూర్తిచేశాడు. ఉద్యోగం చేసుకునేవాడికీ, డబ్బు లేనివాడికీ చలి ఓర్పును నేర్పుతుందని ఆ పరుగు చూశాక నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ ఓర్పుకు మన వంతు సాయం చెయ్యాలన్నదే నా తాపత్రయం.

మధుమేహం ఉన్నవాళ్ళు మాత్రం మరింత జాగ్రత్తగా ఉండాలి. వేళ్ళ నరాలు మొద్దుబారితే చలి తెలియదు, దెబ్బ తెలియదు. చలికి వేళ్ళు తెల్లగా పాలిపోయి, ఆ తరవాత నీలిరంగుకు తిరిగేవాళ్ళు డాక్టరుకు చూపించుకోవాలి. పరుగుకు ముందు ఉంగరాలు తీసెయ్యాలి, పరిగెత్తేటప్పుడు వేళ్ళు ఉబ్బుతాయి. మొద్దుబారిన వేళ్ళను మంట దగ్గర పెట్టకూడదు, గట్టిగా రుద్దకూడదు. స్పర్శ లేనప్పుడు కాలినా తెలియదు. చంకల్లో పెట్టుకోవడం, గోరువెచ్చని నీళ్ళలో ముంచడం మంచిది.

మన ఊళ్ళలో దాతలకు కొదవలేదు. పరీక్షల సీజనులో పిల్లలకు పుస్తకాలు కొనిస్తారు, అరటిపళ్ళు, పాలు పంచుతారు. డిసెంబరు రాగానే మైదానంలో పరిగెత్తే పిల్లలకు తలా ఒక జత అల్లిక గ్లౌజులు ఇస్తే ఖర్చు ఎంతో కాదు. కొనుక్కునే పిల్లలకు నా సలహా ఒకటే: ఉన్న డబ్బు ముందు బూట్లకు పెట్టండి, చేతులకు చవకవే కొనండి, రెండు జతలు కొని ఒకటి ఆరేలోగా ఇంకోటి వాడండి. ఏ ఊరు వెళ్ళినా, ఎంత చలైనా, డబ్బు చాలక చేతులు వణికి ఏ పిల్లా, ఏ పిల్లాడూ పరుగు మానకూడదు.