బండి నడపనివాని ఉద్యోగము

రెండేండ్లకొకమారు సెలవుమీద సికింద్రాబాదు వచ్చి, పశ్చిమ మారేడుపల్లిలోని మా మేనమామగారి యింట దిగినప్పుడెల్ల నాకు తప్పని ప్రశ్న యొకటి కలదు: "ఇంతకూ నువ్వు ఆడ ఏం పాఠం చెప్తవురా?" నేనే పాఠమును చెప్పననియు, అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతమున నొక విశ్వవిద్యాలయపు జీవశాస్త్రవిభాగములో పీహెచ్‌డీ విద్యార్థుల వ్యవహారములు చూచు ప్రోగ్రాం మేనేజరుననియు ఇరువదేండ్లుగా విన్నవించుకొనుచున్నను, "అంటే గుమాస్తా పనే గద" అని ఆయన జాలితో చాయ్ గ్లాసు నా చేతికిచ్చెడివారు.

నిజమునకు ఆ మాటలో అబద్ధము లేదు. డిసెంబరు మాసమున దరఖాస్తులు కుప్పవడుట మొదలు, ఐదారేండ్లకు థీసిస్‌పై చివరి సంతకము పడువరకు, విద్యార్థికిని గైడుకును, గైడుకును గ్రాంటుకును, గ్రాంటుకును జీతముల కార్యాలయమునకును నడుమ తిరుగు కాగితములన్నియు నా బల్లమీదుగనే పోవలెను. ఆర్థికసహాయముతో సీటు పొందిన విద్యార్థి ఏప్రిల్ 15 వరకు తన నిర్ణయము చెప్పనక్కరలేదని అచటి విశ్వవిద్యాలయములు తమలో తాము చేసికొన్న ఒడంబడిక యొకటి గలదు. ఆనాటి సాయంకాలము దాక నాకు అన్నము సహింపదు, ఏలయన పదిమంది వత్తురనుకొన్నచోట పదునాల్గురు వచ్చినను, ఆర్గురే వచ్చినను, లెక్క తప్పిన నేరము నాదే. మనవారి దరఖాస్తులు చదువునపుడు మాత్రము కొంత వినోదము లేకపోలేదు. ఒకయేడు వేర్వేరు ఊళ్ళ పిల్లలు నలుగురు, అక్షరము పొల్లుపోకుండ, తమ తాతగారి మధుమేహమును చూచియే జీవరసాయనశాస్త్రమునకు ఆకృష్టులైనట్లు వ్రాసికొనిరి. ఆ తాతగారు ఏ కన్సల్టెన్సీ కంప్యూటరులో కాపురముండిరో గాని, ఆ నలుగురిలో ఇద్దరు నిజముగా మెరికలు. సొంతమాటలలో రెండు వాక్యములు వ్రాసియుండినచో, వారికొరకు కమిటీలో నేనంత వాదింపవలసిన పని తప్పెడిది.

ఈమారు మామయ్యకు ఉద్యోగమును వర్ణించుట మాని, ఒక సంగతి చెప్పితిని. తార్నాకనుండి వచ్చిన యొక అమ్మాయి మూడవయేట నుండగా ఆమె గైడు వేరొక విశ్వవిద్యాలయమునకు తరలిపోయెను. గ్రాంటు గైడుతో పోవును. విద్యార్థి పోవలెనన్న, ఆ క్రొత్తచోట అర్హతాపరీక్షలన్నియు మొదటినుండి వ్రాయవలెను. ఆమె ఉండిపోయెను. మైనస్ ఎనుబది డిగ్రీల ఫ్రీజరులో నల్లసిరాతో ఆమె పేరు వ్రాసిన పెట్టెలు ఏడు. అవి పోయిన గైడువా, ఉన్న విభాగమువా అను తగవుమీదనే మూడు వారములు ఉత్తరములు నడచినవి. ఆమెకు వేరొక ప్రయోగశాల చూచి, ఆ ఆచార్యుని ఒప్పించి, పరీక్షకమండలిని మార్చి, ఇంత చేసిన నేనే, వేసవి స్టైపెండు కాగితము పంపవలసిన గడువును నాలుగు దినములు దాటిపోనిచ్చితిని. ఆ నెల ఆమెకు డబ్బు రాలేదు. నేను క్షమాపణ చెప్పుకొనబోగా, "పర్వాలేదు సార్, అద్దె సంగతి నేను చూసుకుంటాను" అని తలుపు మెల్లగా దగ్గరకు వేసి వెడలిపోయెను. తిట్టియుండిన ఈపాటికి మరచియుందును.

మామయ్య దక్షిణమధ్య రైల్వేలో సెక్షన్ కంట్రోలరుగా పనిచేసి విశ్రాంతి గొన్నవారు. అంతయు విని, గోడమీది క్యాలెండరునుండి గడచిన నెల కాగితమును చించి, వెనుకవైపున పెన్సిలుతో గీతలు గీయసాగిరి: అడ్డముగా గంటలు, నిలువుగా మౌలాలి, ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ, కాజీపేట, వాని నడుమ ఒక్కొక్క బండికి ఒక్కొక్క ఏటవాలు గీత. బండి వేగముగా పోయినకొలది గీత నిటారుగా లేచును. బండి నిలిచిన, గీత పడుకొనును. కంట్రోలు గదిలో ఎనిమిది గంటలు అట్టి కాగితముమీదనే చూపు నిలిపి, పడుకొన్న ప్రతి గీతకును కారణము చెప్పుకొనుచు ఆయన తన యౌవనమునంతయు గడపిరట.

"అర్థమైంది. నీది కంట్రోల్ పని. బండి నువ్వు నడపవ్, జెండా నువ్వు ఊపవ్. బండి నిలబడితే ఫోన్ మాత్రం నీకే వస్తది. ఆ పిల్ల బండిని లూప్ లైన్ల పెట్టి నువ్వు మర్చిపోయినవ్." ఇరువదేండ్లలో నా ఉద్యోగమును ఇంత సరిగా నిర్వచించినవారు మా డీనులలోను లేరు.

మరునాడు ఆయనను వెంటబెట్టుకొని బేగంపేట పోయితిని. త్రోవలో పైగా ప్యాలెస్ వంక చూచి ఆయన నవ్విరి. 2008 మొదలు 2023లో నానక్‌రాంగూడకు తరలువరకు అమెరికా కాన్సులేటు అందుండెను గాని, నా కాలమున వీసాకై చార్మినార్ ఎక్స్‌ప్రెస్సెక్కి మద్రాసు పోవలసినదే. మేము చూడవచ్చినది పాత విమానాశ్రయము చెంతనున్న, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన రోనాల్డ్ రాస్ భవనము. 1897 ఆగస్టు 20న ఆ సైనికవైద్యుడు దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని కనుగొన్న కథను బాల్యమున పాఠముగా చదివితిని. ఇపుడది నాకొక విద్యార్థి ఫైలువలె కనబడును. గైడు ప్యాట్రిక్ మాన్సన్ లండనులో; ఓడమీద పోవు ఉత్తరములే వారి సమావేశములు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టుచుండ, పంకా విసరిన కోసిన దోమలు ఎగిరిపోవునను భయమున గాలిలేని గదిలో పని. తీరా ఫలితము చేతికందిన కొలది వారములకే పైవారు ఆయనను రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. గీత పడుకొన్నది. మరుసటియేడు కలకత్తాలో పక్షుల మలేరియాతో గాని ఆ బండి మరల కదలలేదు. 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. గైడు శిష్యుల మైత్రి మాత్రము, 1912లో మాన్సన్ వేరొకరికిచ్చిన సిఫారసు ఉత్తరము కారణమున, పరువునష్టపు దావా వేయుదునని రాస్ బెదిరించువరకు పోయినది. సిఫారసు ఉత్తరముల అలమారు తాళము నేను నా జేబులోనే ఉంచుకొందును.

ఇదంతయు చెప్పుచు, హుసేన్ ఖాన్ అను రోగి దోమచేత కుట్టించుకొన్నందుకు రాస్ దోమకొక అణా చొప్పున చెల్లించెనని కూడ చెప్పితిని. మామయ్య మెట్లమీద ఆగి చాలసేపు ఆలోచించిరి.

"మరి ఆ అణాలకు బిల్లు పెట్టుకున్నడా?"