పౌండుకో గిన్నె

శనివారం సాయంత్రం నాలుగు దాటాక క్వీన్స్ మార్కెట్‌కి వెళ్తాను. తూర్పు లండన్‌లో అప్టన్ పార్క్ స్టేషన్ పక్కనే, గ్రీన్ స్ట్రీట్‌ని ఆనుకుని ఉంటుంది. మంగళ, గురు, శుక్ర, శనివారాలే అంగళ్లు. గిన్నెల్లో టమాటాలు, వంకాయలు, పచ్చిమిర్చి కుప్పలు పోసి ఉంటాయి. గిన్నె పౌండు. ఈ మధ్య కొన్ని ఒకటిన్నర అయ్యాయి. వేలు చూపిస్తే చాలు, గిన్నెడూ సంచిలోకి వంపేస్తారు. మర్నాడు అంగడి లేదు కాబట్టి పొద్దు వాలేసరికి సరుకు వదిలించుకోవాలని చూస్తారు. తెనాలి మార్కెట్లో మా అమ్మ అడిగి మరీ వేయించుకునే కొసరు ఇక్కడ అడక్కుండానే సంచిలో పడుతుంది, నాలుగు నిమ్మకాయలో, ఓ కొత్తిమీర కట్టో.

ఈ మార్కెట్‌కి నన్ను తీసుకొచ్చింది అవసరం. 2023 మొదట్లో మావారి కాంట్రాక్టు అయిపోయింది. ఇంకోటి దొరకడానికి ఏడు నెలలు పట్టింది. అదే సమయంలో ఈ దేశంలో తిండి సరుకుల ధరలు ఏడాదిలో 19 శాతం పైగా పెరిగాయి, నలభై అయిదేళ్లలో ఎప్పుడూ లేనంతగా. నా జీతం అద్దెకీ కరెంటుకీ పోగా నలుగురి తిండికి వారానికి 45 పౌండ్లు మిగిలేవి. అప్పటిదాకా శనివారం ఈస్ట్ హామ్ వెళ్లి, మనవాళ్ల కొట్లో ట్రాలీ నింపుకుని, బిల్లు చూడకుండా కార్డు పెట్టి వచ్చేదాన్ని. ఆ ఏడు నెలలూ ప్రతి బిల్లు కాగితం దాచాను. వాటిని వంటగది బల్ల మీద పరిచి చూసుకున్న రాత్రి గుండె జారిపోయింది. డబ్బు బియ్యానికీ పప్పుకీ పోవడం లేదు. రెండొందల గ్రాముల దొండకాయల పొట్లానికి, నాలుగు మునక్కాడలకి, పావుకిలో బీరకాయలకి పోతోంది. అవన్నీ విమానమెక్కి వచ్చినవి. వాటి టికెట్టు డబ్బులు కట్టింది నేనే.

మొదట నేర్చుకున్నది కిలో లెక్క. పెద్ద సూపర్ మార్కెట్లలో ప్రతి అర మీదా ధర కింద చిన్న అక్షరాల్లో కిలోకి ఎంతో రాసి ఉంటుంది. అది చట్టం. అయితే 280 చదరపు మీటర్ల లోపు కొట్లకి ఆ నియమం లేదు, మనవాళ్ల కొట్లు చాలావరకు అంతకన్నా చిన్నవే. ఒకటిన్నర కిలో పొట్లం పక్కన రెండు కిలోల పొట్లం పెడతారు. పెద్దది చవకేమో అనుకుంటాం. ఫోన్ తీసి భాగించి చూస్తే కొన్నిసార్లు చిన్నదే చవక. పిల్లలకి ఆ లెక్క అప్పగించాను. మా పెద్దదానికి దశాంశాలు అక్కడే ఒంటబట్టాయి.

మరి ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు? నా మట్టుకు కందిపప్పు, చింతపండు, ఇంగువ, ఈ మూడింట్లో రాజీ పడను. చవక పప్పు ఎంత ఉడికినా పలుకుగా ఉండిపోతుంది. గ్యాసు ఖర్చు, ఇంట్లో సణుగుడు. మా అమ్మమ్మ పప్పు గింజ పంటి కింద వేసి కొరికి, టప్పుమని విరిగితేనే కొనేది. ఇక్కడ పొట్లం విప్పి కొరకనివ్వరు కదా. అందుకని వెలుతురుకి పట్టి చూస్తాను. అడుగున పొడి చేరిందా, బద్దలు ఒకే తీరుగా ఉన్నాయా, ఏ దేశపు పంట? మలావీ నుంచి వచ్చే కందిపప్పు మన పప్పంత రుచిగానే ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది కూడా. నూనె రాసిన పప్పు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నచ్చదు, వేడినీళ్లతో ఎన్నిసార్లు కడిగినా.

కూరగాయల్లో మాత్రం ఈ నేల ఇచ్చేదాన్ని నమ్ముకున్నాను. క్యాబేజీ, క్యారెట్, కాలీఫ్లవర్, బంగాళాదుంప, పాలకూర. వీటిలో ఏదీ మనకి కొత్త కాదు. పప్పులో మామిడికాయకి బదులుగా బ్రామ్లీ యాపిల్ దొరికిన రోజు నాకు పండగే. 1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ అనే అమ్మాయి నాటిన గింజ నుంచి మొలిచిన చెట్టు అది. ఇంగ్లీషువాళ్లు దాన్ని పచ్చిగా తినరు, పులుపు. పంచదార పోసి వండుకుంటారు. మనకి కావలసింది ఆ పులుపే. వేడి తగలగానే నురుగులా కరిగిపోతుంది కాబట్టి ముక్కలు కనబడాలని ఆశపడకూడదు. పులిహోరకైతే పచ్చిగా తురిమి, పొయ్యి మీంచి దింపాక కలుపుతాను.

వసంతంలో రూబార్బ్ వస్తుంది. ఎర్రటి కాడలు, చూడ్డానికి లేత చెరకులా ఉంటాయి. అదీ మన చుక్కకూరా ఒకే కుటుంబపు మొక్కలు. పచ్చిమిర్చీ వెల్లుల్లీ వేసి పప్పులో కలిపితే చుక్కకూర పప్పు తిన్నట్టే ఉంటుంది. కాడలే వండాలి. ఆకుల్లో ఆక్జాలిక్ ఆమ్లం ఎక్కువ, విషం. ఆకుకూర కనిపిస్తే వదలని వాళ్లం కాబట్టి, ఈ మాట నాకు తెలిసిన ప్రతి ఇంటికీ చెప్తుంటాను.

పెరుగు కొనడం పూర్తిగా మానేశాను. నాలుగు పింట్ల పాల సీసా అంటే 2.27 లీటర్లు. కాచి, గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల తోడు వేసి, ఓవెన్‌లో దీపం మాత్రం వెలిగించి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి గట్టిగా తోడుకుంటుంది. అదే బరువుకి డబ్బాల్లో పెరుగు కొంటే ఖర్చు రెండింతలు దాటేది.

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. సోనామసూరి దొరకదన్న భయంతో మనవాళ్లు కొట్ల మీద పడ్డారు. ఒక్కో ఇంటికి నాలుగేసి బస్తాలు. ధర చూస్తుండగానే ఎక్కింది. మా దగ్గర ఒక్క బస్తాకి మించి డబ్బు లేదు, ఒక్కటే కొన్నాం. ఆ తర్వాత కొన్నాళ్లు సూపర్ మార్కెట్లో దొరికే చవక పొడవు బియ్యంతో గడిపాం. చారన్నానికి బాగోలేదు, పులిహోరకి బాగుంది. నాలుగు బస్తాలు కొన్న స్నేహితురాలి ఇంట్లో మూడో బస్తాకే పురుగు పట్టింది. ఆమె బాల్కనీలో దుప్పటి పరిచి బియ్యం ఆరబోసుకుంటూ ఏడ్చింది. ఆ రోజు ఇద్దరం కూర్చుని చాటలు లేక పళ్లేలతో చెరిగాం.

క్వీన్స్ మార్కెట్‌ని కూలగొట్టి 31 అంతస్తుల కట్టడం లేపాలని ఒకప్పుడు ప్రణాళిక వేశారు. ఇక్కడివాళ్లు ఏళ్లపాటు పోరాడితే 2009లో అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్ దాన్ని తిరస్కరించారు. 2006లో న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ సరుకులు కొని పోల్చి చూస్తే, ఈ మార్కెట్ ధరలు దగ్గర్లోని సూపర్ మార్కెట్‌లోని ధరల్లో సుమారు సగం. ఆ పోరాటం చేసినవాళ్లకి నా పిల్లల కంచాలు బాకీ ఉన్నాయి.

మావారికి ఉద్యోగం వచ్చాక కూడా నేను ఆ దారి మానలేదు. మా వీధి చివర ఇంట్లో అయిదుగురు కుర్రాళ్లు ఉంటున్నారు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకి మించి పనిచేయకూడదు వాళ్లు. ఆ జీతంలో తిండి దగ్గరే మొదట కోత పడుతుంది. నూడుల్సూ, ఫ్రీజరు పరోటాలతో నెట్టుకొస్తున్నారు. వాళ్లలో వరంగల్ అబ్బాయొకడు ఓ రోజు కొట్లో కనబడి, "అక్కా, దొండకాయలు గింత పిరమున్నయేంది?" అన్నాడు. మొహం చూస్తే ఒంట్లో బాగా నీరసం. మరుసటి శనివారం వెంటబెట్టుకుని మార్కెట్‌కి తీసుకెళ్లాను. వంకాయ తొడిమ ఎలా చూడాలో, ముచ్చిక పచ్చగా ఉంటే ఎందుకు తీసుకోవాలో చూపించాను. ఆరు పౌండ్లలో అతని రెండు చేతులూ నిండాయి.

పోయిన వారం తలుపు తట్టాడు. చేతిలో రూబార్బ్ పప్పు గిన్నె. కాస్త ఉప్పు ఎక్కువైంది, అయినా ఇంటిల్లిపాదీ తిన్నాం. వెళ్తూ గుమ్మంలో ఆగి అడిగాడు: "అక్కా, కందిపప్పు పది కిలోల బస్తా తీసుకొని పంచుకుందామా? మా రూములో అయిదుగురం ఉన్నం."