వారం రోజులు దాని జోలికి పోవద్దు

పామును ఇంటికి తెచ్చిన సాయంత్రమే మెడలో వేసుకుని ఫొటో దిగేవాళ్లను చూస్తే, పాముల సంగతి కాస్త తెలిసిన ఎవరికైనా ఒళ్లు మండుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక తెలుగింటి పిల్లాడు ఏళ్ల తరబడి అమ్మానాన్నల వెంటపడి, చివరికి ఒక బాల్ పైథాన్ పిల్లను కొనిపించుకుంటాడు. అది ఇల్లు చేరిన గంటలోపే బాబాయిలు, పిన్నులు, పక్కింటి పిల్లలు పోగవుతారు. పాము చేతులు మారుతుంది. ఒకరు తోక పట్టుకుంటారు, ఇంకొకరు తల నిమురుతారు. వీడియో కాల్‌లో గుంటూరులో ఉన్న అమ్మమ్మకు కూడా చూపిస్తారు. "దాన్ని వదిలెయ్యండ్రా" అంటుంది ఆవిడ. భయంతో అన్నా సరే, ఆ గదిలో పాముకు మేలు చేసే మాట అదొక్కటే.

బాల్ పైథాన్ సొంతూరు ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ వంటి దేశాల గడ్డి మైదానాల్లో, ఎలుకలు తవ్విన బొరియల్లో పగలంతా దాక్కుని రాత్రి వేటకు బయల్దేరుతుంది. విషం లేదు. ఎదిగాక సాధారణంగా మూడు నుంచి అయిదు అడుగులు. భయపడితే కాటు వేయడం కన్నా, తలను చుట్టల మధ్య దాచుకుని బంతిలా అయిపోవడమే దాని అలవాటు. చిక్కంతా ఇక్కడే వస్తోంది. చేతిలో కదలకుండా ముడుచుకున్న పామును చూసి "ఎంత సాధువో" అని మురిసిపోతారు. అది సాధుత్వం కాదు, బెదురు. పాము అరవదు, మూలగదు, దానికి మూయడానికి కంటిరెప్పలు కూడా లేవు. కష్టం కలిగితే అది చేయగలిగింది ఒకటే: తిండి మానేయడం.

అందుకే మొదటి వారం దాన్ని ముట్టుకోకూడదు. ముందే గూడు సిద్ధం చేసి ఉంచాలి. ఒక పక్క 32 డిగ్రీల వేడి, రెండో పక్క 26 డిగ్రీల చల్లదనం ఉండాలి. వేడిని అదుపు చేయడానికి థర్మోస్టాట్ తప్పనిసరి. రెండు వైపులా దూరి దాక్కోవడానికి ఒక్కో ఇరుకు చోటు ఉండాలి. ఇరుకు అంటే నిజంగా ఇరుకే, ఒళ్లు నాలుగు వైపులా తగిలేంత. ఒక నీళ్లగిన్నె. ఆ తర్వాత మూత వేసి, నీళ్లు మార్చడానికి తప్ప లోపల చేయి పెట్టకుండా ఉండాలి. ఒంట్లో తనంతట తాను వేడి పుట్టించుకోలేని జీవి అది. వెచ్చని చోటు లేకపోతే తిన్నది అరగక కక్కేస్తుంది. ఒకసారి కక్కితే కోలుకోవడానికి కనీసం రెండు వారాలు మళ్లీ ఏమీ పెట్టకూడదు.

వారం గడిచాక మొదటి భోజనం. దీని గురించి ఎంత వివరంగా చెప్పినా ఎక్కువ కాదు, ఎందుకంటే కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. బతికున్న ఎలుకను లోపల వదలడం చూడ్డానికి సహజంగా అనిపిస్తుంది గానీ, ఆకలి లేని పాము పక్కన రాత్రంతా వదిలేసిన ఎలుక ఆ పాము వీపునే కొరికి తింటుంది. అలాంటి గాయాలతో వచ్చే పాములు పశువైద్యులకు కొత్త కాదు. కాబట్టి చంపి గడ్డకట్టించి అమ్మే ఎలుకలే మేలు. పాము ఒళ్లు ఎక్కడ అన్నిటికన్నా లావుగా ఉందో ఆ లావుకు సరిపోయే ఎలుకను ఎంచుకోవాలి. ముందురోజు రాత్రి దాన్ని సంచిలోనే ఉంచి ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. వంటసామాన్లకు తగలకూడదు, వేరే డబ్బా ఉంటే ఇంకా మంచిది. మర్నాడు సాయంత్రం, సంచితో సహా వేడినీళ్లలో ముంచాలి. నీళ్లు చల్లారితే మార్చాలి. మైక్రోవేవ్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. పైన ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది, పొట్ట పగిలినా పగులుతుంది. బయట మెత్తబడగానే తొందరపడొద్దు. పొట్ట దగ్గర వేలితో నొక్కి చూడాలి, లోపల చలువ తగిలితే ఇంకాసేపు ఆగాలి. తర్వాత తుడిచి పొడి చేయాలి.

ఇప్పుడు అసలు కిటుకు. బాల్ పైథాన్ పైపెదవి వెంబడి చిన్న చిన్న గుంటలుంటాయి. అవి వేడిని పసిగడతాయి. చీకటి బొరియలో వెచ్చని ఎలుక ఎక్కడుందో దానికి తెలిసేది ముఖ్యంగా ఆ గుంటల వల్లే. కాబట్టి చల్లటి ఎలుక దాని లెక్కలో ఎలుకే కాదు. మనిషి ఒంటి వేడి కన్నా ఒక పిసరు ఎక్కువగా, ముఖ్యంగా తల భాగం వెచ్చగా ఉండేలా చూసి, దీపాలు తగ్గించి, పొడవాటి పట్టకారుతో నడుం దగ్గర పట్టుకుని, పాము దాక్కున్న చోటి గుమ్మం ముందు కాస్త కదిలించాలి. మొహం మీద పెట్టి పొడవకూడదు. నాలుక ఆడిస్తూ తల బయటికి వస్తుంది. మెడ ఇంగ్లిష్ 'ఎస్' అక్షరంలా వంగుతుంది. ఆపై అంతా రెప్పపాటులో అయిపోతుంది. వెంటనే పట్టకారు వదిలేసి వెనక్కి తగ్గాలి, మాట్లాడకుండా ఉండాలి.

తినకపోతే? ఎలుకను అక్కడే ఉంచి గది తలుపు వేసి వెళ్లిపోవాలి. తెల్లారి అలాగే ఉంటే పారేయాలి. మరో వారం దాకా ఇంకేమీ పెట్టకూడదు. పెంచేవాళ్లు ఇక్కడ కంగారుపడి రోజూ కొత్త ఎలుకతో గూడు తెరుస్తుంటారు, దాంతో పాము ఇంకా ముడుచుకుపోతుంది. ఆరోగ్యంగా ఎదిగిన బాల్ పైథాన్ చలికాలంలో నెలల తరబడి ఉపవాసం ఉండగలదు. కంగారు అనవసరం, త్రాసు అవసరం. వంటింటి త్రాసు లాంటిదే ఒకటి దానికోసం విడిగా కొని, గ్రాముల్లో బరువు రాసుకుంటూ పోవాలి. బరువు నిలకడగా ఉన్నంతవరకు దిగులు లేదు. పిల్ల పాము బరువు తగ్గుతుంటే మాత్రం పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈ ఓపిక ఎందుకంటే, ఇది ఒకటి రెండేళ్ల ముచ్చట కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలోని ఒక బాల్ పైథాన్ సంగతే చూడండి. 1961లో, దాన్ని సొంతంగా పెంచుకుంటున్న ఒకరి దగ్గర్నుంచి అక్కడికి చేరింది. 2020 జులైలో, కనీసం 62 ఏళ్ల వయసులో, ఏళ్ల తరబడి మగపాము తోడే లేకుండా ఏడు గుడ్లు పెట్టింది. పదేళ్ల పిల్లాడి కోసం కొన్న పాము వాడి పెళ్లికీ ఉండొచ్చు, వాడి పిల్లల పుట్టినరోజులకీ ఉండొచ్చు.

పాము తిన్నాక రెండు రోజులు దాన్ని ముట్టుకోకూడదు. లోపల జరిగే పని చిన్నది కాదు. పెద్ద భోజనం చేసిన బర్మీస్ పైథాన్‌లో 48 గంటల్లోనే గుండె కండరం 40 శాతం పెరిగిందని 2005లో నేచర్ పత్రికలో పరిశోధకులు ప్రకటించారు. అంత శ్రమలో ఉన్న జీవిని ఎత్తి ఆడించడం ఘోరం. రెండు మూడు భోజనాలు సవ్యంగా అయ్యాకే చేతిలోకి తీసుకోవాలి, అదీ కొద్ది నిమిషాలు. గద్దలు పైనుంచే వస్తాయి కాబట్టి చేయి పైనుంచి రాకూడదు; పక్కనుంచి, నడుం కింద నుంచి, రెండు చేతులతో. తల పట్టుకోకూడదు. కళ్లు పాలపొరలా తెల్లబడితే కుబుసం విడిచే సమయం వచ్చిందని అర్థం, అప్పుడు వదిలేయాలి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా ఉంటుంది. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పాము వద్దని అమెరికా ఆరోగ్యశాఖ వాళ్లే చెబుతారు.

మన దేశంలో ఈ సరదాకు దారి ఇరుకే. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ మొదలైన మన పాములను పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. విదేశీ బాల్ పైథాన్ అయినా 2022 సవరణ తర్వాత ప్రభుత్వం దగ్గర నమోదు కావాల్సిందే. మంచిదే. పాములను ప్రేమించామని చెప్పుకునే నేల మీద వాటికి జరిగే హింస చూస్తే, ఈ చట్టం ఇంకా గట్టిగా అమలు కావాలనిపిస్తుంది.

ఆంధ్రలో నాగులచవితికీ, తెలంగాణలో నాగుల పంచమికీ బుట్టలో పాముతో గుమ్మంలోకి వచ్చేవాళ్లున్నారు. పాము పాలు తాగుతుందని భక్తితో గిన్నె పెడతారు. పాలు అరిగించుకునే శక్తి పాముకు లేదు. అయినా అది మూతి పెట్టి తాగడం కళ్లారా చూశామంటారు. చూసే ఉంటారు. రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండగట్టిన ప్రాణి, దాహానికి ఏ తడి దొరికినా తాగుతుంది. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చేవి ఎన్నో. పండక్కి ముందే కోరలు పీకేస్తారు, కొన్నిటికి మూతి కుట్టేస్తారు. నోట్లో పుండ్లు పడి, తిండి తినలేక చచ్చిపోతాయి. పసుపు కుంకుమ చల్లి దండం పెట్టేది ఆ పాముకే.

పామును హింసించకుండా కూడా కొలవొచ్చు. బెనిన్‌లో ఉయిదా అనే ఊళ్లో పాముల గుడి ఉంది. అక్కడివాళ్లకు బాల్ పైథాన్ దేవత. గుళ్లోని పాములను అప్పుడప్పుడు బయటికి వదులుతారు, అవి వేటాడుకుని తింటాయి. దారితప్పి ఎవరింట్లోనైనా దూరితే ఆ ఇంటివాళ్లు జాగ్రత్తగా తెచ్చి గుళ్లో అప్పజెబుతారు.

మన దగ్గర బుట్టతో తిరిగే పాములవాళ్లకు వేరే బతుకుదెరువు లేదన్న వాదన ఒకటి ఉంది. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో, పాము తోళ్లమ్ముకుని బతికిన ఇరుళ తెగవాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతితో పాములు పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషం నుంచే పాముకాటుకు మందు తయారవుతుంది. దారి ఉంది, ప్రభుత్వాలు చూపించాలి. ఈలోగా వచ్చే చవితికి బుట్టతో ఎవరైనా మీ గుమ్మం ముందు నిలబడితే, పాలూ పోయకండి, డబ్బులూ ఇవ్వకండి. అటవీశాఖకు ఫోన్ చేయండి.